ఎక్కువైంది సరే, ఏ యాళ్లకు?



పోయిన చలికాలంలో ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. జగిత్యాల దిక్కు పల్లె. మిగతా వాళ్లంతా చూపించుకుని వెళ్లిపోయేదాకా గోడకు ఆనుకుని నిలబడే ఉంది. పక్కన తొమ్మిదేళ్ల కొడుకు, నాలుగో తరగతి. లోపలికి వస్తూనే మందుచీటీ నా బల్ల మీద పెట్టింది. "సార్, ఈ గోలి వద్దు. ఇది ఏయకముందే నా కొడుకు మంచిగుండె. గోలి షురువు చేసినకాంచి ఇంకా ఆగమైతున్నడు" అన్నది.

నేను ఒక్కటే అడిగాను. "ఎక్కువైంది సరే అమ్మా, ఏ యాళ్లకు ఎక్కువైతున్నది?"

ఆమెకు తెలియదు. అది ఆమె తప్పు కాదు. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మనిషి. భర్త దుబాయిలో ఉన్నాడు. పిల్లవాడు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండేది ముసలి అత్త. సాయంత్రం ఆమె ఇల్లు చేరగానే అత్త ఫిర్యాదు, చెల్లెలి ఏడుపు, విరిగిన పలక. ఇవన్నీ కలిపి ఆమె మనసులో "గోలి ఏస్తే ఎక్కువైంది" అనే ఒక్క మాటగా మిగిలాయి. రెండు వారాల పాటు ఒక కాగితం మీద టైములు రాసుకురమ్మని పంపాను. గోలి ఎన్నింటికి, తిండి ఎన్నింటికి, గొడవ ఎన్నింటికి. అంతే.

ఆ కాగితంలో ఏముందో చెప్పేముందు పిల్లవాడి జబ్బు గురించీ, ఈ మందు గురించీ రెండు మాటలు.

కుదురుగా కూర్చోలేకపోవడం, చెప్పింది చెవికెక్కకపోవడం, మొదలుపెట్టిన పని సగంలో వదిలేయడం, తన వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం. ఈ లక్షణాలు వయసుకు మించి ఉండి, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తూ, నెలల తరబడి సాగితే డాక్టర్లు ఏడీహెచ్‌డీ అంటారు. ప్రపంచంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే వంద మంది పిల్లల్లో సుమారు ఐదుగురికి ఇది ఉంటుంది. పెంపకం సరిగా లేక వచ్చేది కాదు. తాత గారాబం వల్ల వచ్చేది అంతకన్నా కాదు.

దీనికి మన దగ్గర ఎక్కువగా వాడే ఉత్తేజక మందు మిథైల్‌ఫెనిడేట్. 1944లో స్విట్జర్లాండ్‌లోని సిబా కంపెనీలో లియాండ్రో పనిజాన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేశాడు. ఆయన భార్యను రీటా అని పిలిచేవారు. రిటాలిన్ అనే పేరు ఆమెదే. అంతకు ఏడేళ్ల ముందు, 1937లో, అమెరికాలోని ఈస్ట్ ప్రావిడెన్స్ పట్టణంలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు ఇదే తరహా మందు బెంజెడ్రిన్‌ను 30 మంది పిల్లలకు ఇచ్చి చూశాడు. దాదాపు సగం మంది చదువులో ఒక్కసారిగా కుదురుకున్నారు. మనిషిని హుషారు చేసే మందు అల్లరి పిల్లవాణ్ణి నెమ్మదింపజేయడం ఏమిటని అప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. ఇప్పుడు కారణం కొంతవరకు తెలుసు. మెదడు ముందు భాగంలో మనల్ని మనం అదుపు చేసుకునే చోటు ఒకటుంది. అది సరిగా పనిచేయడానికి డోపమైన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలు కావాలి. ఈ మందు వాటిని అక్కడ ఎక్కువసేపు నిలుపుతుంది. అంటే మందు అల్లరిని అణచదు. అదుపు చేసే చోటును మేల్కొలుపుతుంది.

అయితే ఆ మేలుకోవడానికి గడువుంది. మామూలు గోలి వేసిన అరగంటకు ఎక్కుతుంది, మూడు నాలుగు గంటలకు దిగిపోతుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాలు ఎనిమిది గంటల దాకా, కొన్ని పది పన్నెండు గంటల దాకా పనిచేస్తాయి. జ్వరం గోలీలాగా "వేశాం, తగ్గింది" అని చెప్పే మందు కాదిది. ఎక్కే వేళ, నిలిచే వేళ, దిగే వేళ ఉన్న మందు. అందుకే నేను ఎన్నింటికి అని అడిగేది.

రెండు వారాలకు ఆ తల్లి కొడుకు పాత లెక్కల నోటుబుక్కు తెచ్చింది. వెనక పేజీల్లో పెద్దపెద్ద అక్షరాలు. ఒక రోజుది ఇలా ఉంది: "7-30 తిన్నడు. 8 గోలి. 8-20 బస్సు. బడిల మంచిగ కూసున్నడట. డబ్బాల బువ్వ సగం వాపసు. 4-15 వచ్చిండు. 4-30 చెల్లెను కొట్టిండు. 5 ఏడుస్తుండు, ఊకుంటలేడు. 6-30 తిన్నడు. 7 మంచిగున్నడు." పేజీ తర్వాత పేజీ ఇదే వరస. కానీ రెండు ఆదివారాలు మాత్రం వేరుగా ఉన్నాయి. బడి లేదు కాబట్టి ఆ రెండు రోజులు గోలి పదింటికి వేసింది. గొడవ ఆరున్నరకు మొదలైంది.

ఆ రెండు ఆదివారాలే నాకు దారి చూపించాయి. గోలి రెండు గంటలు జరిగితే గొడవ కూడా రెండు గంటలు జరిగింది. పిల్లవాడు ఆగమవుతున్నది మందు పనిచేస్తున్నప్పుడు కాదు, మందు దిగుతున్నప్పుడు. పొద్దంతా మూతపెట్టి ఉంచినట్టున్న చిరాకు, ఆకలి, అలసట అన్నీ ఒక్కసారి బయటపడతాయి. కొందరు పిల్లలు ఆ గంటన్నర, మందు అసలు వాడని రోజుల కన్నా అధ్వాన్నంగా ఉంటారు. ఆ గంటన్నరే ఇంట్లో వాళ్ల కంటపడేది. మంచిగున్న ఆరేడు గంటలు బడిలోనే గడిచిపోతాయి. టీచరుకు బాగయ్యాడనిపిస్తుంది, తల్లికి చెడిపోయాడనిపిస్తుంది. ఇద్దరూ చూసింది నిజమే.

దీనికి మార్గాలున్నాయి. మందు రకం మార్చవచ్చు. మధ్యాహ్నం తర్వాత చిన్న మోతాదు కలపవచ్చు. అది డాక్టరు చూసుకునే పని. ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది, దాని మీద నాకు చాలా నమ్మకం. ఈ మందుకు ఆకలి చచ్చిపోతుంది. మధ్యాహ్నం డబ్బా సగం తిరిగి వస్తుంది. నాలుగింటికి మందు దిగుతుంది, ఆకలి లేస్తుంది, కడుపులో ఏమీ ఉండదు. అందుకని పొద్దున గోలి వేయకముందే కడుపునిండా పెట్టండి. బడి నుంచి రాగానే "హోంవర్కేది, చెప్పులెక్కడ" అనకుండా ముందు తినడానికి పెట్టండి. ఉడికించిన గుడ్డు, పల్లిపట్టి, పాలు, మిగిలిన చపాతీ, ఏదైనా సరే. అరగంట ఆడుకోనివ్వండి, తర్వాతే పుస్తకాలు. ఆ పిల్లవాడి గొడవ పూర్తిగా పోలేదు. కానీ గంటన్నర సాగేది ఇరవై నిమిషాలకు వచ్చింది. తల్లి గోలి వద్దనడం మానేసింది.

మందు దిగే వేళ మొదటిది. ఇక రెండో వేళ. గోలి వేసిన గంట, రెండు గంటలకు, అంటే మందు పూర్తిగా ఎక్కినప్పుడు. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ ఫిర్యాదు చేయరు. పిల్లవాడు బొమ్మలాగా కూర్చుంటాడు. నవ్వడు. పక్కవాడితో మాట్లాడడు. ఒకే లెక్క దగ్గర పదిహేను నిమిషాలు ఆగిపోతాడు, చెరిపి రాస్తాడు, మళ్లీ చెరుపుతాడు. గోళ్లు కొరుకుతాడు, పెదవి తోలు పీకుతాడు. చిన్నమాటకే కళ్లలో నీళ్లు. టీచరేమో "ఇప్పుడు చాలా బుద్ధిమంతుడయ్యాడు" అంటారు. చాలాసార్లు ఇది మోతాదు ఎక్కువైందనడానికి గుర్తు. అవధానం బాగుపడలేదు, బిగుసుకుపోయింది.

నేను ఒకప్పుడు ఈ తప్పు చేశాను. ఒక ఆడపిల్ల, ఆరో తరగతి. మార్కులు రావడం లేదని, తరగతిలో ఎటో చూస్తుందని చెబితే మందు పెంచాను. నెల తర్వాత "ఇంకా ఎటో చూస్తుంది" అన్నారు. మళ్లీ పెంచాను. ఆ పిల్లను నేను విడిగా కూర్చోబెట్టి అడిగింది మూడోసారి వచ్చినప్పుడు. "గోలి ఏసుకున్నంక నాకు ఏడుపొస్తది సార్, ఎందుకో తెల్వది" అన్నది. ఎన్నింటికి అని అడిగితే, ఇంటర్‌వెల్ బెల్లు కొట్టేముందు అని నిమిషంతో సహా చెప్పింది. మోతాదు తగ్గించాక ఏడుపు పోయింది, చదువూ మెరుగుపడింది. అప్పటి నుంచి పిల్లను అడగకుండా మందు పెంచలేదు. తల్లిదండ్రులకూ అదే చెబుతాను. డాక్టరు గదిలో మీ బిడ్డ తరఫున అన్నీ మీరే చెప్పకండి, వాళ్లను కూడా చెప్పనివ్వండి.

మూడోది రాత్రి వేళ. గోలి మరచిపోయి బడి నుంచి వచ్చాక వేస్తే నిద్ర రాదు. పదకొండింటి దాకా ఫోనులో రీల్స్ చూస్తే అసలే రాదు. నిద్ర చాలని పిల్లవాడు మర్నాడు పెద్దవాళ్లలాగా తూలడు, ఇంకా ఎగురుతాడు. అది చూసి మందు పనిచేయడం లేదనుకుంటాం. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని దిక్కు సింగరేణి కుటుంబాల్లో ఇంకో సంగతి ఉంది. తండ్రి డ్యూటీ వారం వారం మారుతుంది, ఇంట్లో దీపం ఆరే వేళ కూడా మారుతుంది. పిల్లల పడక వేళ మాత్రం మారకుండా చూసుకోండి. నోరు తెరుచుకుని గట్టిగా గురకపెట్టే పిల్లవాడికి టాన్సిల్సో, ఎడినాయిడ్సో ఉన్నాయేమో చూపించండి. రాత్రి ఊపిరి సరిగా ఆడకపోతే పగలు మనసు నిలవదు.

ఇంకొందరు నోటుబుక్కు తెస్తారు, అందులో ఏ వేళా ఉండదు. పొద్దంతా ఒకటే. గోలి వేసిన రోజూ వేయని రోజూ ఒకటే. అప్పుడు మోతాదు చాలడం లేదనే అనుమానం ఒకటి. రెండోది పెద్దది: అసలు మనం వెతకాల్సింది వెతికామా?

మన జిల్లాల్లో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. ఉట్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి దిక్కు గోండు, కొలాం పిల్లల్లో సికిల్‌సెల్ రక్తహీనత ఉంది. కేంద్ర ప్రభుత్వం దీన్ని రూపుమాపడానికి 2023 జులై 1న జాతీయ మిషన్‌ను మొదలుపెట్టింది, పరీక్షలు జరుగుతున్నాయి. ఈ జబ్బున్న పిల్లల్లో కొందరికి మెదడులో చిన్నచిన్న దెబ్బలు పడతాయి. నొప్పి ఉండదు, కాలూ చెయ్యీ పడిపోదు. బయటికి కనిపించేది ఒక్కటే, చదువు మీద మనసు నిలవకపోవడం. అలాంటి పిల్లకు ఏడీహెచ్‌డీ గోలి ఒక్కటే ఇచ్చుకుంటూ పోతే అసలు జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది. ఇక ఇనుము తక్కువై రక్తం తగ్గిన పిల్లలు మైదాన ఊళ్లలోనూ ఉన్నారు. రక్త పరీక్ష చేయించకుండా మందు మోతాదు పెంచొద్దని నేను గట్టిగా చెబుతాను.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో గోండి మాట్లాడే పిల్ల తెలుగు బడికి వస్తుంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఆరేళ్ల పిల్లకు రెండు కొత్త భాషల్లో పాఠం అర్థం కాకపోతే కిటికీలోంచి చూస్తుంది. అది అవధాన లోపం కాదు, అర్థం కాకపోవడం. దానికి గోలి లేదు, టీచరే మందు. అలాగే చూపు, వినికిడి. చెవిలో చీము కారే పిల్లలను వినడం లేదని తిట్టేవాళ్లను చూశాను. ఇంకొకటి, మూర్ఛలో ఒక రకం ఉంది. పిల్ల పడిపోదు, కొట్టుకోదు. మాట మధ్యలో కొన్ని సెకన్లు కళ్లు నిలిచిపోతాయి, మళ్లీ మామూలు. రోజుకు పదుల సార్లు రావచ్చు. దాన్ని పరధ్యానం అనుకుంటాం. ఫిట్స్ మందు ఇస్తే తగ్గేది అది.

నాలుగైదు నెలలు బాగుండి తర్వాత మళ్లీ మొదలైంది అనేవాళ్లున్నారు. పిల్లవాడు పెరిగాడు, బరువు పెరిగింది, మోతాదు పాతదే. లేదా తరగతి మారింది, హాస్టల్లో చేరాడు, తండ్రి గల్ఫ్‌కు వెళ్లాడు. మందు మారకపోయినా జీవితం మారింది. అమెరికా, కెనడాల్లో 579 మంది పిల్లలతో చేసిన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనం 1999లో వెలువడింది. సరిచూస్తూ, మోతాదు దిద్దుతూ మందు ఇచ్చిన పిల్లలు 14 నెలల్లో బాగా మెరుగయ్యారు. ఆ శ్రద్ధగా చూసే ఏర్పాటు అయిపోయి, ఎవరి వైద్యం వాళ్లు చేయించుకుంటూ మూడేళ్లు గడిచేసరికి ఆ తేడా కనిపించలేదు. దీనికి కారణాలు చాలా చెబుతారు. నాకు అందులో కనిపించేది ఒకటి: చీటీ ఒకసారి రాసి ఏడాది పాటు అదే వాడే మందు కాదిది. మూడు నాలుగు నెలలకోసారి ఎత్తు, బరువు, బీపీ, గుండె వేగం చూడాలి. ఎదుగుదల కొంచెం తగ్గవచ్చు, దాన్ని కనిపెట్టి ఉండాలి.

మందు దొరకడం కూడా కష్టమే. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. డాక్టరు చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి మెడికల్ షాపులో రెండేళ్లు దాచాలి. ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపులోనే అమ్మాలి. ఊళ్లో దొరకదు, మండలంలో దొరకదు. దాంతో ఏం జరుగుతుంది? ఉన్న గోలీలు ఎక్కువ రోజులు రావాలని సగం విరిచి వేస్తారు, రోజు విడిచి రోజు వేస్తారు. మింగడం రాదని నూరి అరటిపండులో కలుపుతారు. నెమ్మదిగా విడుదలయ్యే గోలీని నూరితే పొద్దంతా రావలసిన మందు ఒక్కసారి ఒంట్లోకి వస్తుంది. పొద్దున గుండె దడ, మధ్యాహ్నానికే ఖాళీ. ఇలాంటి ఇంట్లో "మందు వికటించింది" అనడంలో ఆశ్చర్యమేముంది? మింగలేకపోతే డాక్టరుకు చెప్పండి, వేరే రకాలున్నాయి. ఎన్ని గోలీలు మిగిలాయో వారం ముందే లెక్కపెట్టుకోండి. గల్ఫ్‌కు పిల్లలను తీసుకుపోయే తల్లులకు ఒక మాట. యూఏఈ లాంటి దేశాల్లో ఇది నియంత్రణలో ఉన్న మందు, ముందు అనుమతి తీసుకోకుండా సంచీలో పెట్టుకుని విమానం ఎక్కకండి.

జలుబు సిరప్పులు, దమ్ము సిరప్పులు ఈ మందుతో కలిస్తే గుండె దడ, వణుకు ఎక్కువవుతాయి. ఫిట్స్ మందు వాడుతుంటే ముందే చెప్పండి. ఆరేళ్ల లోపు పిల్లల్లో ఈ మందు తక్కువ పనిచేస్తుంది, చిరాకు, ఏడుపు ఎక్కువ తెస్తుంది. వాళ్లకు ముందు చేయాల్సింది తల్లిదండ్రులకు శిక్షణ.

కొన్నింటికి నోటుబుక్కు వద్దు, ఆ రోజే ఆస్పత్రికి రావాలి. గుండెల్లో నొప్పి, స్పృహ తప్పడం. లేనివి కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి అనడం. చచ్చిపోతా అనడం. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకుండా విపరీతమైన హుషారు. మెడ, కళ్లు, ముఖం కొత్తగా అదరడం మొదలైతే ఆ వారంలోనే చూపించండి. ఉత్తేజక మందు పడని పిల్లలుంటారు. వాళ్లకు అటమాక్సెటిన్, క్లోనిడిన్ లాంటి వేరే మందులున్నాయి. క్లోనిడిన్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, బీపీ పెరుగుతుంది.

పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. అది చూసే జబ్బుల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. బడికి, అంగన్‌వాడీకి వచ్చే ఆ బృందాన్ని అడగండి, జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి రాసిస్తారు. ఆదిలాబాద్ వాళ్లకు రిమ్స్ ఉంది. కరీంనగర్ వాళ్లకు ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. రాత్రివేళ ఎవరినడగాలో తోచకపోతే టెలీమానస్ నంబరు 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రింబగళ్లు పనిచేస్తుంది.

అమ్మలకు, బాపులకు, నాయనమ్మలకు, టీచర్లకు నా విన్నపం. గోలి మీ అంతట మీరు ఆపకండి, మీ అంతట మీరు పెంచకండి. ఈ రాత్రే ఒక పాత నోటుబుక్కు తీసి వెనక పేజీలో రేపటి తేదీ వేయండి. గోలి టైము, తిండి టైము, నిద్ర టైము, గొడవ టైము రాయండి. ఆదివారం కూడా మరవకుండా రాయండి. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీతోపాటు ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి.